సామెత పడ్డ ఆదివారం

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నోరారా తిట్టిన పాపాన పోలేదు. ఆ పనికి మాకు సామెతలుండేవి. కూర మాడితే ఒకటి, కోడలు ఆలస్యంగా లేస్తే ఒకటి, వచ్చిన చుట్టం రెండో పూటకీ కదలకపోతే ఒకటి. సామెతలో ఉన్న సుఖం ఏమిటంటే దానికి కర్త ఉండడు. ఎదుటి మనిషి గుండెలో గునపం దింపి, "నేననలేదమ్మా, పెద్దలన్నారు" అని చేతులు దులుపుకోవచ్చు. ఇప్పుడు తెల్లారితే చాలు, చుట్టాలు ఫోన్లో గులాబీ పువ్వు బొమ్మ పెట్టి దాని కింద ఒక సామెత రాసి పంపిస్తారు. పెద్దల జ్ఞానమట, పదిమందికీ పంచాలట. నేను చదవకుండానే తీసేస్తాను. ఆ జ్ఞానం మీద నాకున్న కోపం ఇవాళ్టిది కాదు.

మేమప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లం. కోచింగ్ సెంటర్ల బోర్డులు, బట్టల దుకాణాలు ఉన్న ఇప్పటి దిల్‌సుఖ్‌నగర్ అని ఊహించుకోవద్దు. మలక్‌పేట దాటితే ఊరు పలచబడిపోయేది. నేనిప్పుడు కాపురముంటున్న ఎల్బీనగర్ వైపు ద్రాక్షతోటలు, వాటి నడుమ హయత్‌నగర్ పోయే రోడ్డు, అంతే. మాది షాబాద్ బండలు పరిచిన రెండు గదుల ఇల్లు. ఉండేది నలుగురం: నాయనమ్మ, నాయన, అమ్మ, నేను.

నాయనది తెలంగాణ పల్లెటూరి క్రైస్తవ కుటుంబం. సర్కారు ఆఫీసులో గుమాస్తా. అమ్మది కృష్ణా జిల్లా. నర్సు చదువు చదివి, మిషన్ దవాఖానలో పనికని ఇటువైపు వచ్చింది. సంఘం పెద్దలు కుదిర్చితే నాయనను చేసుకుంది. తర్వాత నగరంలో సర్కారు దవాఖానలో ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగమంటే అమ్మకు ప్రాణం. ఇంట్లో వంగి నడిచే మనిషి తెల్లచీర కట్టుకుని బస్టాపుకు పోయేటప్పుడు నిటారుగా నడిచేది. ఆ నడక చూడటానికి నేను గేటు దాకా పోయేదాన్ని.

నాయనమ్మకు చదువు రాదు. కాని ఆమె తండ్రి ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బోధకుడు. ఆయన పల్లె జనానికి అర్థమయ్యేటట్టు ప్రసంగంలో వాక్యం ఒకటి, ఊరి సామెత ఒకటి కలిపి చెప్పేవాడట. నాయనమ్మ చిన్నపిల్లగా తండ్రి ముందర కూర్చుని విన్నది. ఏది బైబిలు గ్రంథంలోది, ఏది గట్టు మీదిది ఆమెకెలా తెలుస్తుంది? తండ్రి నోట వచ్చిందంతా దేవుడి మాటే అనుకుంది. ఆయన చెప్పిన సామెతలన్నీ అదే గ్రంథంలో అచ్చయి ఉన్నాయని ఆమె నమ్మకం. "నలుగురితోని నారాయణ" కూడా అందులో ఉందనే అనుకునేది. ఒకసారి పాస్టరుగారు వినలేక, "అమ్మా, మనం నారాయణ అనకూడదు" అన్నారు. "సామెతకు ఎవలు బాప్తిస్మం ఇచ్చిండ్రు అయ్యగారూ, అది అట్లనే ఉంటది" అని ఆయనకు చాయ్ పోసింది. పాస్టరుగారు నవ్వి ఊరుకున్నారు. గ్రంథం మూడుపూటలా చదివే మా నాయన కూడా ఎన్నడూ దిద్దలేదు. ముసలామె నమ్మకాన్ని ఎందుకు చెడగొట్టాలని అప్పట్లో నేననుకునేదాన్ని. దిద్దకపోవటంలో ఆయనకున్న సౌకర్యం తర్వాత తెలిసింది.

మా నాయన వంశంలో ఒక ఆనవాయితీ ఉంది. ఆ వారం ఇంట్లో తెగని పంచాయితీ ఏదైనా ఉంటే ఆదివారం ప్రార్థన అయ్యాక తెగాలి. ఇంటి పెద్ద గ్రంథాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి పెట్టి ఒక సామెత చెప్పాలి. దాన్ని "సామెత పెట్టుడు" అనేవాళ్లు. చెప్పాక "పడ్డది" అనాలి. పడిన తర్వాత ఎదురు మాట లేదు. పొలం గట్టు తగాదాలు, అన్నదమ్ముల అలకలు అట్లా తెగాయని చెప్పుకునేవారు. కోడళ్లకు మాత్రం సామెత పెట్టే హక్కు లేదు. వాళ్లు వినాలి.

పనిరోజుల్లో అంత కట్టుబాటు ఉండేది కాదు. నిజం చెప్పాలంటే మా అమ్మకూ నాయనమ్మకూ స్నేహం కుదిరింది సామెతల మీదనే. ఇద్దరూ చెరో చేట పట్టుకుని బియ్యంలో రాళ్లేరుతూ ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్లు.

"అత్త లేని కోడలు ఉత్తమురాలు" అని నాయనమ్మ మొదలుపెట్టేది.

"కోడలు లేని అత్త గుణవంతురాలూ!" అని అమ్మ రాగం తీసేది.

"మీ దిక్కు గూడ గిదే ఉన్నదా? గిట్లయితే కోడండ్లు అంతట ఒక్కతీరే ఏడుస్తున్రన్నట్టు."

"అత్తలు ఒక్క తీరుగా ఉన్నారు కాబట్టే కదండీ అత్తయ్యా."

నాయనమ్మ కండ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వేది. వాళ్లిద్దరి మధ్యా ఉన్నది నటన కాదు. నేను చూసిన అత్తాకోడళ్లలో అంత ఇష్టంగా ఉన్నవాళ్లను మళ్లీ చూడలేదు. అందుకే జరిగినదాన్ని నేను క్షమించలేను.

అరవైతొమ్మిది వచ్చింది. ముల్కీ అంటే ఈ గడ్డ మీద పుట్టిపెరిగినవాడు. ఆ ముల్కీలకు రావలసిన కొలువుల్లో కోస్తావాళ్లు కూర్చున్నారని ఉద్యమం లేచింది. బళ్లు మూసేశారు. రోడ్ల మీద టైర్లు కాలేవి. మా నాయన కోపం ఉత్త కోపం కాదని ఇప్పటికీ అంటాను. ఆయన కింద పని నేర్చుకున్నవాళ్లు, ఆయన కన్నా వెనకొచ్చినవాళ్లు ఆయన నెత్తి మీదుగా పైకి పోయారు. ఆఫీసులో ఆయన మాట తీరును ఎక్కిరించేవాళ్లు. అన్యాయం జరిగిందన్నది నిజం. ఆ నిజాన్ని తీసుకొచ్చి ఆయన ఎవరి నెత్తిన రుద్దాడన్నదే నా గొడవ.

అమ్మ బస్సులో నోరు తెరవటం మానేసింది. తెరిస్తే "ఏవండీ, మలక్‌పేటకి ఒకటివ్వండి" అని వస్తుంది. బస్సులో తలలన్నీ ఇటు తిరుగుతాయి. బడి లేదు కాబట్టి నన్ను వెంట తీసుకుపోయేది. టికెట్ నేనడగాలి, కూరగాయల బేరం నేను చెయ్యాలి. "మలక్‌పేటకు రెండు ఇయ్యన్నా" అని నేననేదాన్ని. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. దవాఖానలో మాత్రం ఆమెకు భయం లేదు. రోగులు యాసను చూడరు, చేతిని చూస్తారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్నది అమ్మ సామెతల్లో అమ్మకు బాగా ఇష్టమైనది. ఆ సంవత్సరం అది పనిచెయ్యలేదు. ఎంత మంచి నోరైనా మూసుకుంటే తప్ప ఊరు మంచిగా లేదు.

"ఏ రోటికాడ ఆ పాట పాడాలె" అన్నాడు నాయన ఒక పూట అన్నం తింటూ.

"రోలు మార్చమంటే మార్చుకున్నానండీ. గొంతెక్కడ మార్చుకోను?" అంది అమ్మ.

అప్పటికింకా జవాబు చెప్పేది.

సాయంత్రాలు నాయన స్నేహితులు ఆఫీసు నుంచి వచ్చి మా వాకిట్లో కూర్చునేవారు. ఒకరోజు అమ్మ చాయ్ తెచ్చేసరికి ఎవరో, "తిన్నింటి వాసాలు లెక్కబెట్టే జాతి" అంటున్నారు. కోస్తావాళ్లను గురించే. అమ్మను చూసి కూడా ఆ మనిషి ఆగలేదు. అమ్మ అందరికీ కప్పులందించి లోపలికి పోయింది. ఆమె వెనక్కి తిరగ్గానే ఇంకొకాయన నాయన భుజం మీద చెయ్యేసి నవ్వుతూ అన్నాడు:

"గాళ్లను పొమ్మంటున్నవు మంచిగనే ఉన్నది. నీ ఇంట్ల కొలువు సంగతేంది మరి? గది ఎవలి నోటికాడి బువ్వ?"

నాయన నవ్వాడు. అట్లాంటి నవ్వు నేనాయన మొహంలో ముందు చూడలేదు. ఆ రోజు నుంచి అమ్మ తెల్లచీర కట్టుకుంటుంటే ఆయన వాకిట్లోకి పోయి నిలబడేవాడు. ఉద్యోగం మానెయ్యమని మాత్రం అనలేదు. అంటే అమ్మ "ఎందుకు?" అని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి. నలుగురిలో తలవంపులుగా ఉందని చెప్పాలి. అది చెప్పే దమ్ము లేక ఆయన తల్లి దగ్గరకు పోయాడు.

నేను పక్కగదిలో ఉన్నాను. "అవ్వా, ఈ ఐతారం నువ్వే ఒక మాట పెట్టు. నేనంటే మంచిగుండది" అన్నాడు.

"మింగుమంటె కప్పకు కోపం, ఇడువుమంటె పాముకు కోపం. నన్నెందుకు నడుమల పెడ్తవురా?" అంది నాయనమ్మ.

"బస్సుల మీద రాళ్లు పడుతున్నయి. రేపు దానికేమన్నయితే?"

నాయనమ్మ అక్కడ లొంగింది. ఆమెకు ముల్కీ తెలియదు, నాన్‌ముల్కీ తెలియదు. కోడలి తల మీద రాయి పడుతుందేమోనన్న భయం ఒక్కటే తెలుసు. కొడుకు ఆ భయాన్ని పట్టుకుని ఊగాడు. రాళ్ల మాట అబద్ధం కాదు. కాని ఆయన గుండెలో ఉన్నది రాయి కాదు, వాకిట్లో విన్న ఆ మాట.

ఆదివారం ప్రార్థన అయింది. వాక్యం చదివింది నేనే. కొంతకాలంగా ఆ పని నాది. నాయనమ్మ గ్రంథాన్ని అడిగి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అమ్మ ఆ వారం డ్యూటీలు చెబుతూ ఏదో నవ్వుతోంది. నాయనమ్మ అరచెయ్యి గ్రంథం మీద పెట్టేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"తిరిగి ఆడది చెడె, తిరగక మొగోడు చెడె" అంది నాయనమ్మ. కోడలి వైపు చూడకుండా, "పడ్డది" అంది.

అమ్మ నాయన వైపు చూసింది. ఆయన చాప అంచు పీకుతున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నాయినా, గిది గ్రంథంల లేదు గదా? నేను చదివినదాంట్ల యాడ లేదు" అన్నాను.

"ఉన్నది" అన్నాడు నాయన.

"యాడున్నది? సూపియ్యి."

"ఉన్నదన్న గద! పెద్దల నడుమ నీకేం పని?"

నాయనమ్మ నా వైపు జాలిగా చూసి, "మా నాయిన చెప్పంగ నేను చెవులార ఇన్న బిడ్డా. లేకుంటె ఎందుకు చెప్తడు?" అంది. అమ్మకు చదువొచ్చు. ఆ గ్రంథం ఆమెకు నాకన్నా, నాయనకన్నా బాగా తెలుసు. ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె ముసలామె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత, "సరే అత్తయ్యా" అంది.

ఆ వారంలోనే దవాఖానకు రాజీనామా ఇచ్చి వచ్చింది. తెల్లచీరలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దింది. కట్టుకోని చీరలకు గంజి ఎందుకని నేనడగలేదు. సర్దుతూ సర్దుతూ, "పొమ్మనలేక పొగబెట్టారే మీ నాన్న" అంది. ఆమె నోట నేను విన్న ఆఖరి సామెత అదే.

ఆ తర్వాత బియ్యం ఏరేటప్పుడు నాయనమ్మ ఎప్పట్లాగే మొదలుపెట్టేది. అమ్మ "ఊఁ" అనేది. నాయనమ్మ ఇంకొకటి చెప్పి చూసేది. దానికీ "ఊఁ." కొన్నాళ్లకు నాయనమ్మ కూడా ఊరుకుంది. ఇంట్లో రాళ్లు తట్టలో పడుతున్న చప్పుడొక్కటే వినిపించేది. అమ్మ మాట కూడా కొంచెం కొంచెంగా మారింది. "రండి" పోయి "రాండ్రి" వచ్చింది. నాయన దానికి సంతోషపడ్డాడు. ఏ రోటికాడ ఆ పాట వచ్చిందనుకున్నాడేమో.

ఉద్యమం చల్లబడింది. పోలీసు కాల్పుల్లో పోయిన పిల్లల తల్లులకు తప్ప అందరికీ అన్నీ మామూలైపోయాయి. అమ్మతో పాటు పనిచేసిన కోస్తా నర్సులు ఆ రోజులన్నీ భయపడుతూ భయపడుతూనే డ్యూటీలకు పోయారు. వాళ్లను ఎవరూ తీసెయ్యలేదు. ఆ తర్వాత పింఛన్లు తీసుకుని మరీ దిగారు. అమ్మ ఖాళీ చేసిన చోటు మాత్రం వెంటనే నిండింది.

నాయనకూ ప్రమోషన్ వచ్చింది. ఇచ్చింది గుంటూరు నుంచి వచ్చిన పై అధికారి. మనిషి మంచివాడే, ఆయన్ననేదేం లేదు. నాయన ఆయన్నీ భార్యనీ ఆదివారం భోజనానికి పిలిచాడు. శనివారం నుంచే హడావుడి. "గోంగూర మీ దిక్కు లెక్క చెయ్యి. గుత్తొంకాయ చెయ్యి. అండ్లనే జర మీ మాటల మాట్లాడు, వాళ్లకు ఇంట్ల ఉన్నట్టుంటది" అన్నాడు అమ్మతో. అన్నం దగ్గర కూర్చున్నాక అధికారి భార్యతో గొప్పగా, "మా ఆవిడది మీ వైపేనండి. సామెతలు చెప్పిందంటే మీరు నవ్వలేక చస్తారు" అన్నాడు. మా నాయన నోట "అండి" వినటం నాకు అదే మొదలు.

ఆమె సరదాపడి, "అయితే ఒకటి చెప్పండి వదినగారూ. మా అమ్మమ్మ పోయాక వినడమే లేదు" అంది.

అమ్మ ఆమె విస్తట్లో నెయ్యి వేస్తోంది. "నాకు రావమ్మా. మా ఇంట్ల సామెతలు పెద్దోళ్లు పెడ్తరు, మేము ఇంటం. మీరు తినుండ్రి, బువ్వ సల్లారుతది" అంది.

ఆమె తెల్లబోయి నాయన వైపు చూసింది. నాయన వెకిలిగా నవ్వి చారు గిన్నె అందించాడు. గోడవారన ముక్కాలిపీట మీద కూర్చున్న నాయనమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. ఆ ముద్ద మళ్లీ విస్తట్లోనే పెట్టేసింది.

వాళ్లు వెళ్లిపోయారు. అమ్మ గిన్నెలు తోముతోంది. నాయనమ్మ గ్రంథం పట్టుకుని పెరట్లోకి వచ్చి ఆమె పక్కన కూలబడింది.

"గీళ్లను కూసుండబెట్టి తినబెట్టనీకేనా బిడ్డా నువ్వు కొలువు ఇడిసిపెట్టింది?" అంది. "పో. మల్ల పోయి అడుగు. ఆ దవాఖాన కాకుంటె ఇంకొకటి."

"సామెత పడ్డంక ఎదురు లేదు గద అత్తయ్యా."

"అందుకే తెచ్చిన. గా మాట ఏడున్నదో తీసి చదువు. దానికి ముందటొక మాట, ఎనకొక మాట ఉంటది గద. ఆపతికి, సంపతికి ఆడది పోవచ్చని ఏదన్న తొవ్వ ఉంటది. మా నాయిన నిలబడి ఒక్క ముక్కనే చెప్పిండు. మొత్తం నేను ఇనలే."

అమ్మ చేతిలో బూడిద పీచు అట్లాగే ఉండిపోయింది. నాయనమ్మ గ్రంథాన్ని ఆమె ఒళ్లో పెట్టబోయింది. చెయ్యి తడిగా ఉందని అమ్మ వారించింది.

"అది ఇండ్ల లేదు అత్తయ్యా" అంది, చాలా నెమ్మదిగా.

"ఇండ్ల లేదా?"

"యాడ లేదు."

"వాడు ఉన్నదన్నడు గద? నా ముంగట అన్నడు. నా చెయ్యి దీని మీద ఉండంగ అన్నడు."

నాయనమ్మ నా వైపు తిరిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె లోపల పడుకున్న కొడుకును కేకేసింది. నాయన లుంగీ సవరించుకుంటూ వచ్చి, తల్లి ఒళ్లో గ్రంథాన్నీ మా మొహాలనూ చూశాడు. అడగకముందే అర్థమైనట్టుంది.

"గది ఇండ్ల లేదంట. ఉన్నదని ఎందుకన్నవు?"

"అవ్వా, పెద్దలేమన్నరంటే..."

"సామెత ఒద్దు" అంది నాయనమ్మ. "నీ మాట చెప్పు."

ఆఫీసులో అర్జీలు రాసిన మనిషి, సాయంత్రాలు వాకిట్లో స్నేహితులకు ఉపన్యాసాలిచ్చిన మనిషి, తల్లి ముందు నిలబడి ఒక్క సొంత మాట కోసం వెతుక్కున్నాడు. "నాకు సిగ్గయింది" అని ఉంటే చాలు, మేమందరం ఏదో విధంగా బతికేవాళ్లం. ఆయన చెప్పులు తొడుక్కుని బజారుకు పోయాడు.

నాయనమ్మ అమ్మ వైపు తిరిగింది. "నువ్వు చదువొచ్చినదానివి. నీకు అప్పుడే ఎరుక. ఎందుకు చెప్పలే?"

"మీ నాన్నగారి మాట దేవుడి మాటని ఇన్నేళ్లు నమ్మారు. కాదని నేనెలా చెప్పను అత్తయ్యా?" అంది అమ్మ. ఇన్నాళ్ల తర్వాత ఆమె సొంత మాటతీరు ఆ మాటల్లో మళ్లీ వినిపించింది.

నాయనమ్మ అమ్మ తడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ బూడిదను తన చీర కొంగుతో తుడిచింది.

"మా నాయిన ఎప్పుడో సచ్చిపోయిండు బిడ్డా" అంది. "నువ్వు బతికున్నవు గద."